ఊదారంగు ముద్ర

ముద్ర వేసేటప్పుడు యోబు ఊపిరి బిగబట్టేవాడు. దగ్గు వచ్చిందంటే చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే ముద్ర అలుక్కుపోతుంది. అందుకని ముందుగా దగ్గవలసినదంతా దగ్గేసి, గొంతు సవరించుకుని, రబ్బరు ముద్రని ఇంకుప్యాడు మీద అద్ది, పుస్తకం అట్టమీద కుడివైపు పైమూల నిదానంగా దించేవాడు. ఊదారంగులో గుండ్రంగా, ఒక్క అక్షరం చెదరకుండా పడేది. అప్పుడు గాలి పీల్చుకునేవాడు.

పుస్తకాల కొట్టంటే ఏదో అనుకునేరు. ఏలూరు బజారు వెనక సందులో ఒక గది, రెండు చెక్క బీరువాలు, ఒక కాలు కింద ఇటుక పెట్టిన బల్ల. కమ్యూనిస్టు పార్టీవాళ్ళ చిన్నపుస్తకాలు అక్కడ అమ్ముతారు. కూలివాళ్ళ హక్కుల మీద ఒకటి, మిల్లులూ చెరువులూ ప్రజలపరం కావాలని ఒకటి, ఇళ్ళస్థలాల మీద ఒకటి, అన్నీ అణా పుస్తకాలే. కొట్టు చూసుకునే శేషగిరిరావుగారు పార్టీ మీద నిషేధం ఉన్న రోజుల్లో ఒకసారి దెబ్బతిన్నారు. ఎవరో అదే పేరుతో, అదే అట్టతో, లోపల అడ్డదిడ్డమైన రాతలు అచ్చేయించి ఊళ్ళమీదికి వదిలారు. నిషేధం పోయాక ఆయన చేసిన మొదటి పని ఈ ముద్ర చేయించడం. ముద్ర లేని పుస్తకం గడప దాటకూడదన్నారు. ఆ మాట అన్న ఆయన తర్వాత మరిచిపోయారుగాని యోబు మరవలేదు.

ఆ వేసవి ఉదయం యోబు ముద్రలు వేస్తూండగా శేషగిరిరావుగారు కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ, వీధివైపు చూస్తూ విషయం చెప్పారు. మాఘంలో పార్టీ ఎన్నికలు ఓడిపోయిన దగ్గర్నుంచీ కొట్టుకేసి తొంగిచూసేవాళ్ళు లేరు. నెలాఖరుకి కట్టేస్తారట. మిగిలిన పుస్తకాలు కిరాణావాళ్ళు పొట్లాలకి తూకానికి అడుగుతున్నారట. యోబు తల ఊపాడు. తను పనిచేసిన మిల్లులో సమ్మె విరిగిపోయిన రోజున కూడా ఇలాగే ఊపాడు. అతనికి తెలిసిన జవాబు అదొక్కటే. మళ్ళీ ప్యాడు దగ్గరికి లాక్కుని ఇంకో పుస్తకం తీశాడు. పొట్లాలకి పోయే కాగితానికి ముద్రెందుకని ఆయనా అడగలేదు, ఇతనూ చెప్పలేదు.

రైలువేళ అయింది. ఇంకా కొన్ని మిగిలాయి. దారిలో వేసుకోవచ్చని ముద్రనీ ప్యాడునీ కూడా సంచిలో పడేసుకుని లేచాడు.

గోనెసంచి అది. భార్య హన్నమ్మ కుట్టింది. దాని పట్టీ ఎన్నో ఏళ్ళు ఒకే భుజం మీద ఉండి అక్కడ గాడి చేసింది, చొక్కా విప్పినా సంచి తగిలించుకున్నట్టే కనిపించేవాడు. మనిషి పొడుగు, కాని ఆ పొడుగు ముందుకి వంగిపోయింది. గోనె అతని ఒంటికి కొత్త కాదు. మీసాలు రాకముందే జనపనార మిల్లులో చేరి, జుట్టు నెరిసేదాకా ఆ ధూళిలోనే ఉన్నాడు. పొద్దున్న నెరిసిన జుట్టుతో లోపలికి వెళ్ళిన వాళ్ళూ నల్లజుట్టుతో వెళ్ళిన వాళ్ళూ సాయంత్రానికి ఒకే రంగులో బయటికి వచ్చేవారని నవ్వుతూ చెప్పేవాడు. ఆ ధూళి జుట్టులోంచి కడిగితే పోయింది, ఊపిరితిత్తుల్లోంచి పోలేదు.

మిషను బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలు అతన్ని పుస్తకాలాయన్ని చేశాయి. మధ్యాహ్నం గంజి తాగే వేళ తోటివాళ్ళు ఏదో ఒకటి చదివి వినిపించమనేవారు. చదవడం మొదలుపెడితే అవతలి షెడ్డులోవాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు. అంత గొంతు. సమ్మె తర్వాత మిల్లుకి పోలేక, పోయినా ఊపిరి ఆడక, ఆ గొంతునే నమ్ముకుని సంచి తగిలించుకున్నాడు. చదివి వినిపించకుండా ఒక్క పుస్తకం అమ్మేవాడు కాదు. విని నచ్చితేనే కొనండి అనేవాడు. ఇలాంటి బేరగాడికి డబ్బు నిలుస్తుందా. ఇళ్ళస్థలాల హక్కు మీద అంత బాగా చదివే మనిషి కాపరం బావమరిది వసారాలో. బావమరిది కొడుక్కి పెళ్ళి కుదిరింది, వానలు పడేలోగా వసారా ఖాళీ చెయ్యమన్నాడు. పొద్దున్న గంజి పోస్తూ హన్నమ్మ ఆ మాటే మళ్ళీ గుర్తుచేసింది, విసుక్కోకుండా, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు.

పాసింజరులో అతను నిలబడే ఉన్నాడు. బెంచీ చివర కాస్త చోటు ఉందిగాని, అడిగితేగాని కూర్చునే అలవాటు లేదు, అడిగే ఓపిక లేదు. భీమడోలు దాటాక గొంతు సవరించుకుని కూలిహక్కుల పుస్తకం తెరిచాడు. రెండు వాక్యాలు చదివేసరికి దగ్గు. మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ దగ్గు. పూళ్ళలో ఎక్కిన రైతు ఒకాయన, పెద్దమనిషే, ఎన్నికలైపోయాయిగా ఇంకెందుకయ్యా గొంతు చించుకుంటావని మెత్తగానే అన్నాడు. పెట్టెలో జనం నవ్వారు. యోబు కూడా నవ్వాడు. పుస్తకం మూసి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. కోతలైపోయిన చేలు బీటలు తీసి ఉన్నాయి. తను ఇన్నేళ్ళుగా చదివిందంతా చెవిటివాడి ముందు శంఖమేనా అనిపించింది.

ఒక్కచోటు గుర్తొచ్చి మనసు కాస్త తేలికపడింది. తాడేపల్లిగూడెంలో అలా కాదు.

యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు గూడెం పక్కన విమానాల కోసం పొడుగాటి సిమెంటు బాట పరిచారు. యుద్ధమైపోయింది, విమానాలు పోయాయి, బాట మిగిలింది. కొల్లేరు వరదకి ఇళ్ళు కొట్టుకుపోయిన లంకవాళ్ళు కొందరు బియ్యం మిల్లుల్లో కూలికి వచ్చి, ఆ బాట అంచున తాటాకు గుడిసెలు వేసుకున్నారు. చేపలు పట్టే చేతులు బస్తాలకి అలవాటుపడ్డాయిగాని ఎండుచేపల వ్యాపారం మానలేదు. విమానాలు దిగిన చోట చేపలు ఆరేసేవారు. ఇళ్ళస్థలాల పుస్తకం అక్కడ అమ్ముడుపోయినట్టు మరెక్కడా పోలేదు. ప్రతి గుడిసె కొంది. ఇద్దరు కొడుకులున్న ఇంటివాళ్ళు రెండు కొన్నారు. గూడెంలో జనం చైతన్యం ఉన్నవాళ్ళండి అని యోబు శేషగిరిరావుగారితో గొప్పగా చెప్పేవాడు. తన గొంతు వల్లేనని పైకి అనలేదుగాని, లోపల అనుకోకుండా ఉండలేకపోయేవాడు. మనిషన్నాక ఆ మాత్రం ఉండదా.

గూడెం స్టేషను బయట టీకొట్టులో ఒక మాట చెవిన పడింది. విమానాల మైదానం ఖాళీ చేయిస్తారట. అక్కడున్నవాళ్ళకి నల్లజర్ల రోడ్డులో స్థలాలిస్తారట, కాని తాలూకా ఆఫీసులో అర్జీ పెట్టుకున్నవాళ్ళకే. దండోరా వేసి వారమైంది. ఇవాళ సాయంత్రం ఆఖరు.

యోబు టీ సగంలో వదిలేసి నడిచాడు. గుడిసెలన్నీ ఖాళీగా ఉంటాయి, జనమంతా ఆఫీసు దగ్గరే ఉంటారు, అర్జీలు రాసిపెట్టేవాడు దొరికాడో లేదో అనుకుంటూ ఎండలో అంతదూరం ఆయాసపడుతూ వెళ్ళాడు. తీరా చూస్తే అందరూ ఇళ్ళ దగ్గరే ఉన్నారు. మిల్లులకి సెలవులా ఉంది. మగవాళ్ళు నీడపట్టున పడుకున్నారు. ఆడవాళ్ళు చేపలు తిరగేస్తున్నారు.

మొదటి గుడిసె దుర్గమ్మది. మొగుడు వరదలో పోయిన మనిషి, చేపలగంప నెత్తిన పెట్టుకుని పదూళ్ళు తిరిగే మనిషి. అతన్ని చూసి చేతులు కడుక్కుని గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. మొదటి ఏడాది అతని దోసిట్లో పోసేది. గ్లాసు ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

"కూర్చోవచ్చాండి?" అని యోబు మామూలుగా అడిగి, అరుగు చివర కూర్చుని, నీళ్ళు తాగి, అర్జీల సంగతి ఎత్తాడు. దండోరా వినలేదా అన్నాడు.

"ఇన్నామండి. ఏమీ లేనోళ్ళు కదండీ అర్జీ పెట్టుకోవాలి. మాకు కాయితం ఉంది కదా."

"ఏం కాయితమమ్మా?"

"మీరిచ్చిందేనండి."

ఆవిడ లోపలికి వెళ్ళి రేకుపెట్టె తెచ్చింది. పెట్టెలోంచి మూట, మూటలోంచి పసుపుగుడ్డ, గుడ్డలోంచి పుస్తకం తీసింది. ఇళ్ళస్థలాల పుస్తకం. నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. అట్టమీద ఎర్రరంగులో ఇంటి బొమ్మ, కుడివైపు పైమూల గుండ్రంగా ఊదారంగు ముద్ర. ఆవిడ ముద్ర మీద వేలు పెట్టి చూపించి, ఆ వేలు కళ్ళకద్దుకుంది.

యోబుకి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతులో ఉండగానే సంగతి అర్థమైంది.

అతని గొంతు విని కాదు. ఎర్రటి ఇల్లు చూసి, ఆ పక్కన గుండ్రటి ముద్ర చూసి కొన్నారు. ఇంటి మీద హక్కు ఉందని ఇతను గట్టిగా చదివాడు, చదివి ముద్ర ఉన్న కాగితం చేతిలో పెట్టాడు. సర్కారు ముద్ర ఎలా ఉంటుందో కరణం చేతిలో దూరంనుంచి చూడ్డమేగాని వాళ్ళకి దగ్గరగా ఎవరు చూపించారు. ఇద్దరు కొడుకులున్నవాళ్ళు రెండెందుకు కొన్నారో కూడా అప్పుడు తెలిసింది. ఏళ్ళతరబడి కూడబెట్టుకున్న ఒకే ఒక్క గొప్ప అలా అరుగు మీద కూర్చుండగానే పోయింది. అది పోతే పోయింది. సాయంత్రంలోగా అర్జీ పడకపోతే వీళ్ళకి రెండోసారి ఇల్లు కొట్టుకుపోతుంది, ఈసారి వరద తనే.

అందర్నీ పిలిచాడు. పుస్తకాలాయన పిలుస్తున్నాడని వచ్చారు. వచ్చేవాళ్ళు ఎవరి పుస్తకం వాళ్ళు తెచ్చుకున్నారు, చూపించమంటాడేమోనని. ఇది పట్టా కాదని, పుస్తకమని, దీంతో ఎవరూ ఇల్లు ఇవ్వరని చెప్పాడు. చెప్పేసరికి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

వాళ్ళలో పెద్దవాడు జగ్గయ్య. లంకలో ఉన్నప్పుడు కులపెద్ద, ఇప్పుడు మిల్లులో ఊక ఎత్తే మనిషి. పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని, కోపం లేకుండా, తెలుసుకుందామన్నట్టే అడిగాడు.

"మరి ముద్రెందుకేసేరండి?"

దీనికి యోబు దగ్గర జవాబుంది. దొంగపుస్తకాలు, నిషేధం, శేషగిరిరావుగారి నియమం. చెప్పడానికి ఒక పూట పడుతుంది. ఎండ అప్పుడే నడినెత్తి దాటింది.

జగ్గయ్యే కాసేపు ఆలోచించి, తనకు తోచిన దారి తనే వెతుక్కున్నాడు. "మీవోళ్ళు ఎన్నికల్లో ఓడిపోయేరంట కదండీ. అందుకని చెల్లకుండా పోయిందాండి?"

అందరూ అతని మొహంకేసి చూస్తున్నారు. అవునంటే లేచి అర్జీ పెట్టుకుంటారు, మేం మోసపోయామన్న సిగ్గు కూడా ఉండదు. కాదంటే నిజం నిలుస్తుంది, పొద్దు నిలవదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. యోబు ఈ పుస్తకాలు చేతబట్టుకుని ఒక్క అబద్ధం ఆడి ఎరగడు. అతనికి ఉన్న ఆస్తి ఏదైనా ఉందంటే అదే.

"అవునండి," అన్నాడు. "చెల్లదు. కొత్తగా రాయాలి."

జనం నిట్టూర్చారు. ఓడిపోవడం వాళ్ళకి తెలిసిన విషయమే, దాని మీద కోపం రాలేదు. ఎవరో పాపం అన్నారు కూడా. ఆ పాపం తమ గురించా, పార్టీ గురించా అన్నది తెలియలేదు.

పుస్తకాల కట్టకి చుట్టిన తెల్లకాగితం విప్పి, చేపలకత్తితో ముక్కలు కోసి, యోబు అరుగు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. మహారాజశ్రీ తాసీల్దారువారి సముఖమునకు అని ఒక్కొక్క కాగితం మీదా రాశాడు. పేరు, తండ్రిపేరు, ఎక్కడినుంచి వచ్చారు, ఇంట్లో ఎంతమంది. కొందరు తండ్రిపేరు రెండేసిసార్లు చెప్పారు, వరదలో పోయినవాళ్ళు మరి. పెదపాడు పక్కనుంచి వచ్చిన ఒకామె ఊరిపేరు చెప్పి, ఊరు ఇప్పుడు లేదు, రాయొచ్చా అని అడిగింది. యోబు రాశాడు. మధ్యమధ్య కలం కింద పెట్టి గోడకి ఆనుకుని ఊపిరి వచ్చేదాకా ఆగేవాడు. దుర్గమ్మ విసనకర్ర తెచ్చి పక్కన పెట్టిందిగాని విసురుకోవడానికి చెయ్యి లేదు.

రాసినవి తీసుకుని ఎవరూ కదల్లేదు. ముద్ర వెయ్యమన్నారు. ముద్ర లేనిదే వాళ్ళకి నమ్మకం చిక్కడం లేదు. యోబు సంచిలో ముద్ర ఉంది. పార్టీ కొట్టు ముద్ర అది, వేస్తే అర్జీకి మేలు కాదు, కీడు. వెయ్యకూడదన్నాడు. ఇంకుప్యాడు మాత్రం తీసి మూత తెరిచి అరుగు మీద పెట్టాడు. జగ్గయ్య బొటనవేలు పట్టుకుని ప్యాడు మీద అద్ది, కాగితం మీద తనే నొక్కాడు. జగ్గయ్య ఆ వేలిముద్ర పక్కన తన పుస్తకం పెట్టి రెండూ మార్చి మార్చి చూశాడు.

"రంగు అదేనండి," అని మిగతావాళ్ళతో అన్నాడు. అంతటితో పేచీ తీరింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి వేళ్ళు ముంచారు.

ఆఖర్న దుర్గమ్మ కూర్చుంది. వేలు ప్యాడు మీద పెట్టి, తియ్యకుండా, పక్కవాళ్ళకి వినపడకుండా అడిగింది. "ఇది మీరు గెలిచినా చెల్లేది కాదు, కదండీ?"

యోబు ఆవిడకేసి చూశాడు. "కాదమ్మా."

"మావోళ్ళకి చెప్పకండి," అని వేలు కాగితం మీద నొక్కింది.

అందరి కాగితాలూ జగ్గయ్య తలపాగాలో చుట్టుకున్నాడు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ అతని వెనకాల సిమెంటు బాట మీదుగా నడుస్తూ పోయారు. ఊదారంగు వేళ్ళు ఎక్కడా తగలకుండా ఎడంగా పట్టుకుని నడుస్తున్నారు. కాకులు వాలకుండా కాపలాగా దుర్గమ్మ చేపల దగ్గర ఉండిపోయింది. మీకూ ఒకటి రాసుకోకపోయారా అని యోబుని అడిగింది. తనది ఏలూరని, ఈ లెక్కలోకి రానని అతను చెప్పాడు. ఏలూరులో ఇల్లెక్కడని ఆవిడ అడిగితే, ఉందిలెమ్మన్నాడు. ఆ రోజుకి అది రెండో అబద్ధం. మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

లేవాలనుకున్నాడు. సాయంత్రం పాసింజరుకి స్టేషను చేరాలి. హన్నమ్మతో వసారా సంగతి మాట్లాడాలి, కొట్టు కట్టేస్తున్న సంగతి కూడా చెప్పాలి. కాళ్ళు రమ్మన్నా రాలేదు. ఇంత అలసట ఎక్కడిదో అతనికే ఆశ్చర్యంగా ఉంది. మిల్లులో రెండు షిఫ్టులు వరసగా చేసిన రోజుల్లో కూడా ఇలా లేదు. ఆ అలసటంతా అప్పుడు తీర్చుకోకుండా దాచుకుంటూ వచ్చాడు కాబోలు.

దుర్గమ్మ పుస్తకాన్ని మళ్ళీ పసుపుగుడ్డలో పెట్టబోయి ఆగింది. "ఇందులో ఏం రాసుందండి అసలు?" అంది. "మీరు చదివేటప్పుడు మేం ముద్రకేసే చూసేవోళ్ళం. సరిగ్గా ఇన్లేదండి."

ఇన్నేళ్ళలో చదవమని అతన్ని అడిగినవాళ్ళు, మిల్లు షెడ్డు తర్వాత, ఈవిడే. యోబు పుస్తకం అందుకుని అరుగు మీద వెనక్కి జరిగి, నిట్రాట గుంజకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకున్నాడు. కూర్చోవచ్చా అని అడగలేదు. గొంతు ఎత్తలేదు. పక్కమనిషికి వినపడేంత మెల్లిగా చదివాడు, అందుకేనేమో దగ్గు రాలేదు. ఇటుకలు మోసేవాళ్ళ గురించి చదివాడు, మిద్దెలు కట్టి గుడిసెలకి పోయేవాళ్ళ గురించి చదివాడు. దుర్గమ్మ ఊఁ కొడుతూ, మధ్యలో లేచి కాకిని అదిలించి, వచ్చి మళ్ళీ కూర్చునేది.

"ఇల్లంటే గోడలూ కప్పూ మాత్రమే కాదు," అని చదివాడు. "పనినుంచి వచ్చిన మనిషి ఎవరినీ అడక్కుండా కూర్చోగలిగిన చోటు."

అక్కడ ఆగాడు. అతను వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి కోసం ఆగడం ఆవిడకి మధ్యాహ్నంనుంచీ అలవాటే. తర్వాతి మాట కోసం ఎదురుచూసింది. ఎండ అరుగు మీంచి దిగి చేపల మీదికి పాకింది. ఒక కాకి వచ్చి వాలింది. ఆవిడ అదిలించలేదు.

జగ్గయ్యావాళ్ళు తిరిగి వస్తూ దూరంనుంచే కేకేశారు. ఆఫీసులో అన్నీ తీసుకున్నారండీ, వరసన పేర్లు పిలిచి మరీ తీసుకున్నారండీ అని, ఆ మాట పుస్తకాలాయనకే ముందు చెప్పాలని ఒకరిమీద ఒకరు పడుతూ వచ్చారు. దుర్గమ్మ లేచి నిలబడి, చెయ్యెత్తి, మెల్లిగా రమ్మని సైగ చేసింది.

ఏలూరులో హన్నమ్మకి కబురు పంపడానికి ఒకతను స్టేషనుకి పరిగెత్తాడు. మిల్లు బండి అడిగి తెచ్చారు. యోబు కళ్ళు మూసి, అతన్ని ఎత్తేటప్పుడు చేతిలోని పుస్తకాన్ని ఎవరూ తీసెయ్యలేదు. సంచి పక్కన పెట్టారు, ముద్ర సంచిలోనే ఉంది. బండి సిమెంటు బాట మీద చప్పుడు చేసుకుంటూ కదిలింది, గుడిసెల్లోవాళ్ళంతా దాని వెంట నడిచారు.

అరుగు మీద ఇంకుప్యాడు మూత తెరిచే ఉండిపోయింది. గాలికి అంచులు ఆరిపోతున్న ఊదారంగు గుడ్డ మధ్యలో, దుర్గమ్మ బొటనవేలు నొక్కిన గుంట ఇంకా తడిగా ఉంది.